సేవ చేయడానికి వెళ్ళి ఒకాయన బెడ్ పోగొట్టాను

పోయిన వారం కాలేజీ నుంచి ఒక జూనియర్ ఫోన్ చేశాడు. "అన్నా, ఈ ఏడు సర్వీస్ ట్రిప్‌కి మా బ్యాచ్ వెళ్తోంది, ఓరియంటేషన్‌లో నువ్వొచ్చి ఒక పది నిమిషాలు మాట్లాడాలి, నీ ఎక్స్‌పీరియన్స్ చెప్పు చాలు, కొంచెం ఇన్‌స్పైరింగ్‌గా ఉంటే బావుంటుంది" అన్నాడు. సరే అన్నా. ఆ రాత్రి రాసుకుందామని కూర్చుని మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు కొట్టేశా, ఎందుకంటే ఆ ట్రిప్ గురించి నాకు గట్టిగా గుర్తున్నది ఒకే ఒక్క రోజు, ఆ రోజు సంగతి వింటే వెళ్దామనుకున్నవాడు కూడా లిస్టులోంచి పేరు తీయించుకుంటాడు. ఆ పిల్లలకి ఏం చెప్పాలో నాకు నేను తేల్చుకోడానికే ఇదంతా రాస్తున్నా. ఇక్కడైతే టైమయిందని మైకు లాక్కునేవాళ్ళు ఉండరు కదా.

మూడేళ్ళ కిందటి మాట. పద్నాలుగు మందిమి, తోడుగా ఇద్దరు లెక్చరర్లు, ఆరు రోజులు. రాత్రి రైలెక్కి పొద్దున ఇంకో సిటీలో దిగాం, అక్కడ ఇల్లు లేనివాళ్ళ కోసం నడిపే ఒక షెల్టర్‌లో వాలంటీర్లుగా పనిచేయాలి, అదీ ప్రోగ్రాం. అందరికీ ఒకే రంగు టీషర్టులు, వీపు మీద సేవ గురించి పెద్దక్షరాల్లో ఒక కొటేషన్ (ఎవరన్నదో తెలీదు, మా కమిటీలోనే ఎవడో రాసి ఉంటాడు). రైల్లో సగం రాత్రి ఆ కొటేషన్‌కి అర్థమేంటని చర్చ, మిగతా సగం పేకాట.

మొదటి రెండు రోజులూ మమ్మల్ని షెల్టర్ వెనక స్టోర్ రూంలో పడేశారు. మనుషుల్ని కలుద్దామని ఇంత దూరం వస్తే మూటల ముందు కూర్చోబెట్టారేంటి అని లోపల లోపల అందరికీ గుర్రుగానే ఉంది. గది నిండా జనం ఇచ్చిపోయిన సామాను, కింద నుంచి ఇంచుమించు సీలింగ్ దాకా. విప్పుతుంటే ఏం బయటపడ్డాయంటే, జత లేని చెప్పులు, పెళ్ళికి కుట్టించుకుని ఇక పట్టని మెరుపుల బట్టలు, జిప్పు పోయిన బ్యాగులు, రిమోట్ లేని బొమ్మ కారు, ఒక సంచీలో అయితే ఉతకని దుప్పటి, దాని నిండా పిల్లి వెంట్రుకలు. సాయంత్రానికి చూసుకుంటే పనికొచ్చే కుప్ప చిన్నది, పారేసే కుప్ప దానికి మూడింతలు. "అవి పారేయించాలన్నా మేమే డబ్బులిచ్చుకోవాలి" అంది అక్కడి కోఆర్డినేటర్ మేడం, కోపంగా కూడా కాదు, కరెంటు బిల్లు గురించి చెప్పినట్టు చెప్పింది. వాళ్ళకి ఎప్పుడూ చాలనివి సాక్సులూ లోపలి బట్టలూ. వాడినవి ఎవరూ ఇవ్వరు, ఇచ్చినా ఎవరూ వేసుకోరు, ఇక కొత్తవి కొని ఇద్దామని చాలామందికి తట్టనే తట్టదు. అంటే మేం రెండ్రోజులు చేసిన పనేంటయ్యా అంటే వేరేవాళ్ళు చేసిన సేవలోంచి చెత్త ఏరడం. అప్పట్లో తిట్టుకున్నాం గానీ ఆ ఆరు రోజుల్లో మా వల్ల జరిగిన అసలు పని అదొక్కటేనేమో అని ఇప్పుడనిపిస్తుంది.

సాక్సుల సంగతి ఎందుకింత చెప్తున్నానంటే, ఇల్లు లేని మనిషికి ముందు పాడయ్యేది కాళ్ళు. పగలంతా నడకే, ఒకచోట కూర్చుంటే లేపేస్తారు, రాత్రి బూట్లు విప్పి పక్కన పెట్టుకుంటే పొద్దున్నకి ఉండవు కాబట్టి విప్పరు, తడిసిన సాక్సులు తడిసినట్టే రోజుల తరబడి. చర్మం తెల్లగా నానిపోయి పగిలి పుండ్లు పడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో నిలబడ్డ సైనికులకి ట్రెంచ్ ఫుట్ అని వచ్చేదే, అది ఇప్పటికీ పెద్ద పెద్ద సిటీల్లో రోడ్డు మీద బతికేవాళ్ళకి వస్తోంది. బోస్టన్‌లో జిమ్ ఓకానెల్ అని ఒక డాక్టర్ ఉన్నాడు, 1985లో పెద్ద హాస్పిటల్లో ట్రైనింగ్ పూర్తి చేసుకుని ఒక్క ఏడాది ఇల్లు లేనివాళ్ళకి వైద్యం చేసి తర్వాత తన దారి తను చూసుకుందామని పైన్ స్ట్రీట్ ఇన్ అనే షెల్టర్‌కి వెళ్ళాడు. అక్కడి నర్సులు ఆయన చేతిలో స్టెతస్కోప్ తీయించి పక్కన పెట్టించి, ముందు వీళ్ళ కాళ్ళు టబ్బులో నానబెట్టు అన్నారు. ఏమీ అడక్కు, ఏమీ చెప్పకు, నానబెట్టు. ఆయన అదే చేశాడు, ఆ ఒక్క ఏడాది కాస్తా దశాబ్దాలయింది. అంత చదువుకున్న డాక్టర్నే ముందు నోరు మూసుకుని కింద కూర్చోమన్నారు, మాకేమో మూడోరోజు పొద్దున మెడలో బ్యాడ్జీలేసి "వెళ్ళి అందరితో కలవండి, మాట్లాడండి" అని మా లెక్చరరే హాల్లోకి తోలాడు.

హాల్లో మొదటి గంటలోనే గొడవ. ఫోటోలు తీయొద్దని గోడకి రాసే ఉంది, అయినా మా వాడొకడు భోజనం వడ్డిస్తూ సెల్ఫీ తీసుకున్నాడు, వెనక బెంచీలో ఉన్న ఒకావిడ చటుక్కున గోడవైపు తిరిగిపోయింది, ప్లేటు అక్కడే వదిలేసి. మేడం వచ్చి ఫోన్ తీసుకుని ఫోటో తీసేసి, వాడి చేతిలో పెట్టి ఒకటే మాట చెప్పింది, "ఇక్కడున్న ఆడవాళ్ళలో సగం మంది ఎవరో ఒకరి నుంచి తప్పించుకుని వచ్చినవాళ్ళు, ఆవిడ ఎక్కడుందో తెలియాలని వెతికేవాడికి నీ ఫోటో చాలు." పర్మిషన్ అడిగి తీసుకుంటే తప్పేంటి అని రాత్రి మా వాళ్ళలో వాదన. నా ఉద్దేశం మటుకు, ప్లేటు చేతిలో పెట్టేవాడు అడిగితే ఎవరు కాదంటారు?

ఇంకో సంగతి చెప్పి అసలు విషయానికొస్తా. తిరిగొచ్చాక మేం రాసిన రిపోర్టులో ఇల్లు లేనివాళ్ళంటే ఎవరు అన్నదానికి మా అందరి మనసులో ఒకటే బొమ్మ: నడివయసు దాటిన మగవాడు, ఏళ్ళ తరబడి అక్కడే, తాగుడో మానసిక సమస్యో ఏదో ఒకటి. కళ్ళతో చూశాం కదా అని ధీమా. తర్వాత చదివితే తెలిసింది చూడ్డంలోనే మోసం ఉందని. రాండల్ కున్, డెనిస్ కల్హేన్ అనే ఇద్దరు పరిశోధకులు న్యూయార్క్, ఫిలడెల్ఫియా షెల్టర్ల రికార్డులు ఏళ్ళకి ఏళ్ళు ముందేసుకుని 1998లో లెక్క తేల్చారు. షెల్టర్‌కి వచ్చినవాళ్ళలో దాదాపు 80 శాతం కొద్దిరోజులుండి తమ దారి తాము చూసుకున్నవాళ్ళే. ఏళ్ళ తరబడి ఉండిపోయేవాళ్ళు పదిశాతమే, కానీ మొత్తం షెల్టర్ రోజుల్లో దాదాపు సగం ఆ పదిశాతానివే. హాస్పిటల్ వార్డు ఏదో ఒకరోజు వెళ్ళి చూస్తే నెలల నుంచి మంచంలో ఉన్నవాళ్ళే ఎక్కువ కనపడతారు, జ్వరమొచ్చి రెండ్రోజుల్లో ఇంటికెళ్ళినవాళ్ళు ఎక్కడ కనపడతారు? మాదీ అంతే. ఇక చుట్టాల ఇంట్లో హాల్లో చాప మీద నెలలు వెళ్ళదీసేవాళ్ళు, కార్లో పడుకుని పొద్దున్నే జిమ్‌లో స్నానం చేసి ఉద్యోగానికెళ్ళేవాళ్ళు మాకెలాగూ కనపడరు. ఆరు రోజులు వెళ్ళినవాడు తెచ్చుకునేది అనుభవమే, కాదనను, కానీ దాన్ని పట్టుకుని జనానికి లెక్చర్లిచ్చేంత ఏమీ కాదు అది.

సరే, అసలు విషయం.

నాలుగోరోజు నన్ను ఒక పెద్దాయనకి తోడుగా పంపించారు. ఆయన ఐడీ కార్డు పోయింది, అది మళ్ళీ తీయించుకోవాలి, అది లేకపోతే గది అద్దెకి దరఖాస్తు పెట్టుకోడానికి లేదు, పెన్షన్‌కి లేదు, దేనికీ లేదు. కార్డు కావాలంటే అడ్రస్ చూపించాలి, అడ్రస్ కావాలంటే గది ఉండాలి, గదికేమో కార్డు కావాలి. వింటుంటే జోక్‌లా ఉంటుంది గానీ ఆయన అప్పటికే మూడుసార్లు వెళ్ళొచ్చాడు ఆ ఆఫీసుకి. షెల్టర్ వాళ్ళు తమ అడ్రస్‌తో ఒక లెటర్ రాసిచ్చారు, దానితో పనవుతుందని ఆశ.

ఆయన కాగితాలు ఒక ప్లాస్టిక్ కవర్లో, ఆ కవరు ఇంకో కవర్లో, అది మళ్ళీ ఇంకో కవర్లో, పైన రబ్బర్ బ్యాండు రెండు చుట్లు. రబ్బర్ బ్యాండు తీసినప్పుడల్లా ఎడమచేతి మణికట్టుకి వేసుకునేవాడు, మళ్ళీ కట్టేటప్పుడు అక్కడ్నుంచి తీసేవాడు. దారిలో మూడుసార్లు విప్పి, ఉన్నాయా లేవా అని చూసుకుని, మళ్ళీ కట్టాడు. పొద్దున్నే టీ ఇస్తుంటే వద్దన్నాడు. నీళ్ళూ తాగలేదు. మొహమాటమేమో అనుకుని నేను బలవంతం చేశా, ఆయన నవ్వి, "అక్కడ నన్ను బాత్రూంకి పోనివ్వరు బాబూ, క్యూలోంచి పోతే నంబరు పోతుంది" అన్నాడు. నిజమే, గేటు దగ్గర గార్డు నన్ను ఆపలేదు, ఆయన్ని ఆపాడు. నేను "నాతో వచ్చారండీ" అంటే వదిలాడు. నా టీషర్టు వల్ల ఆ ట్రిప్ మొత్తంలో జరిగిన ఒకే ఒక్క మేలు అది.

టోకెన్ 87. మేం కూర్చునేసరికి బోర్డు మీద 31. మధ్యాహ్నానికి 58, తర్వాత కౌంటర్ వాళ్ళ లంచ్, తర్వాత సర్వర్ నెమ్మదిగా ఉందని కాసేపు, మూడయ్యేసరికి 76. అప్పుడు ఆయన లేచి నిలబడి కవరు చంకలో పెట్టుకున్నాడు. వెళ్దాం అన్నాడు.

"ఇంకో పదకొండు నంబర్లే కదండీ, పొద్దుట్నుంచి కూర్చున్నాం, ఇప్పుడు వెళ్ళిపోతే ఎలా?" అన్నా నేను.

"నాలుగింటికి బెడ్ల లైను, బాబూ."

షెల్టర్‌లో బెడ్లు ఏ రోజుకారోజే. పొద్దున ఆరింటికి అందరూ ఖాళీ చేయాలి, సాయంత్రం నాలుగింటికి లైన్లో నిలబడ్డ వరసలో మళ్ళీ ఇస్తారు, అయిపోతే అయిపోయినట్టే. వేరేవాళ్ళు నీ బదులు నిలబడడానికి లేదు. ఇదంతా మాకు మొదటి రోజే చెప్పారు, నేను నోట్‌బుక్‌లో రాసుకున్నా కూడా. కానీ ఆ టైంకి నా బుర్రలో ఉన్నది 87 ఒక్కటే, ఈ పని పూర్తి చేసి చూపించాలి, సాయంత్రం అందరూ కూర్చున్నప్పుడు చెప్పుకోడానికి నాకూ ఒకటుండాలి. "నేను మేడంతో మాట్లాడతానండీ, ఏం కాదు, మీరు కూర్చోండి" అన్నా. ఆయన నా మొహంలోకి ఒకసారి, గడియారం వైపు ఒకసారి చూశాడు. కూర్చున్నాడు. నేను చదువుకున్నవాణ్ణి కదా, షెల్టర్ తరఫున వచ్చినవాణ్ణి కదా, నా మాట తీసేస్తే ఏమవుతుందో అని కూడా అయ్యుండొచ్చు. ఆ ఆలోచన నాకు వారం తర్వాత వచ్చింది.

నాలుగూ పదికి మా నంబరొచ్చింది. కౌంటర్లో కూర్చున్నతను కాగితాలన్నీ తిరగేసి, లెటర్ మీద స్టాంపు ఉంది గానీ సంతకం పక్కన తేదీ లేదు, వేయించుకుని రండి అని వెనక్కి తోశాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

మేం షెల్టర్‌కి చేరేసరికి లైన్ లేదు, తలుపు దగ్గర బల్ల కూడా లోపలికి తీసేశారు. నేను పరిగెత్తి మేడం దగ్గరికెళ్తే ఆవిడ నన్ను పూర్తిగా చెప్పనిచ్చింది, చెప్పనిచ్చి, "ఆయన కోసం ఇంకొకరిని లేపమంటావా?" అంది. నా దగ్గర జవాబు లేదు. బయటికొచ్చేసరికి ఆయన గేటు పక్కన రాయి మీద కూర్చుని కవర్లకి రబ్బర్ బ్యాండు వేసుకుంటున్నాడు. "పర్లేదులే బాబూ, వాన లేదుగా" అన్నాడు. తిట్టి ఉంటే బావుండేది.

ఆ రాత్రి మాకు షేరింగ్ సర్కిల్. రోజూ ఉండేది, గుండ్రంగా కూర్చుని ఈరోజు మనల్ని కదిలించింది ఏంటో చెప్పుకోవాలి. నా వంతు వచ్చినప్పుడు కార్డు గురించి చెప్పా, అడ్రస్ గురించి చెప్పా, గార్డు గురించి కాస్త ఎక్కువగానే చెప్పా, కవర్ల గురించి చెప్పేటప్పుడు గొంతు కూడా వణికింది. బెడ్ గురించి చెప్పలేదు. అందరూ చప్పట్లు కొట్టారు, ఒకమ్మాయి ఏడ్చింది, లెక్చరర్ భుజం తట్టాడు. ఇదిగో జూనియర్ అడిగే "ఇన్‌స్పైరింగ్" ఎక్స్‌పీరియన్స్ అదే, సగం కోసి చెప్తే ఇప్పటికీ పనిచేస్తుంది.

ఇప్పుడు నా వాదన. ఈ ట్రిప్పులు ఆపేయమనట్లేదు. దీన్ని సేవ అని పిలవడం మానేసి చదువు అని ఒప్పుకోండి అంటున్నా. పేరు మారితే ఏమొస్తుంది అంటారేమో, చాలా వస్తుంది, ఎవరు ఎవరికి బాకీ అన్నది తిరగబడుతుంది. ఆ ఆరు రోజులూ మేడం పొద్దున గంట మాకు పనులు పంచడానికి, మధ్యాహ్నం గంట మేం చేసింది సరిచేయడానికి, సాయంత్రం మా డౌట్లకి పెట్టింది. ఆవిడ కింద పనిచేసేవాళ్ళే నలుగురు. ఆ గంటల్లో ఆవిడ ఎంతమంది కాగితాల మీద సంతకం పక్కన తేదీ వేసి ఉండేదో (ఆ లెటర్ మా హడావుడిలో రాసిందే అని నాకు గట్టి అనుమానం). మాకు పాఠం చెప్పింది వాళ్ళు, మేం ఫీజు కట్టలేదు, పైగా చివరి రోజు స్టేజీ మీద సర్టిఫికెట్లు మాకిచ్చారు. టీషర్టులకీ రైలు టికెట్లకీ అయిన డబ్బుని సాక్సుల కింద కొలిస్తే ఎన్ని జతలో నేను లెక్కేశా, ఇక్కడ రాయడం ఇష్టం లేదు.

ఇది కొత్తగా నేను కనిపెట్టిందేం కాదు. 1968 ఏప్రిల్‌లో మెక్సికోలోని క్వెర్నవాకాలో, వేసవి సెలవుల్లో పల్లెల్లో సేవ చేద్దామని సిద్ధమవుతున్న అమెరికన్ విద్యార్థుల మీటింగ్‌కి ఇవాన్ ఇలిచ్ అనే ఆలోచనాపరుణ్ణి పిలిచారు, ఆయన ఆ పిల్లల ముందే నిలబడి, చూడ్డానికి రండి, కొండలెక్కడానికి రండి, చదువుకోడానికి రండి, సాయం చేయడానికి మాత్రం రావద్దు అని చెప్పేశాడు. పిలిచినవాళ్ళ ధైర్యం కూడా మెచ్చుకోవాలి. నేను అంత దూరం వెళ్ళను. ఇలిచ్ మాటల్లో నాకు నచ్చేది "చదువుకోడానికి రండి" అన్న ముక్క, చాలామంది ఆఖరి ముక్క పట్టుకుని కొట్టుకుంటారు.

చదువు అని ఒప్పుకున్నాక మరి సిలబస్ ఉండాలి. మా ట్రిప్‌లో సిలబస్ కింద పెట్టింది ఏంటంటే, ఐదోరోజు రాత్రి మమ్మల్ని అట్టపెట్టెలు పరిచి బయట పడుకోమన్నారు, వాళ్ళ బాధ మనకి తెలియాలని. జేబులో ఫోన్, ఫోన్‌లో తెల్లారి తిరుగు రైలు టికెట్, పక్కన పదమూడు మంది ఫ్రెండ్స్, కాపలాకి లెక్చరర్. చలికి వణికాం, తెగ నవ్వుకున్నాం కూడా. ఆ పెద్దాయన ముందురోజు రాత్రి అట్ట కూడా లేకుండా ఎక్కడ పడుకున్నాడో నాకు తెలీదు, అడగలేదు కూడా. ఆ రాత్రి మాకు తెలిసింది చలి. చలి ఎవరికైనా తెలుసు.

దాని బదులు ఒక పూట కూర్చోబెట్టి, ఆ కార్డు-అడ్రస్-గది చక్రం ఎందుకలా ఉంది, ఎక్కడైనా ఎవరైనా దాన్ని ఆపారా అని చెప్పి ఉంటే? ఆపారు మరి. 1992లో న్యూయార్క్‌లో సామ్ త్సెంబెరిస్ అనే సైకాలజిస్టు మొత్తం వరసనే తిప్పేశాడు. అప్పటిదాకా పద్ధతి మెట్లెక్కినట్టు ఉండేది, ముందు తాగుడు మాను, మందులు వేసుకో, క్లాసులకి రా, బుద్ధిగా ఉన్నావని మాకు నమ్మకం కుదిరాక గది ఇస్తాం అని. ఈయన ముందు ఇల్లు తాళంచెవి చేతిలో పెట్టి, మిగతావి నీకు కావాలంటే అడుగు, మేం వస్తాం అన్నాడు. తీవ్రమైన మానసిక జబ్బులతో రోడ్డు మీద ఉన్నవాళ్ళతోనే మొదలుపెట్టాడు, ఇక వీళ్ళ వల్ల కాదు అని అందరూ చేతులెత్తేసినవాళ్ళతో. ఐదేళ్ళ తర్వాత చూస్తే వాళ్ళలో 88 శాతం ఇంకా ఇళ్ళల్లోనే ఉన్నారు, పాత మెట్ల పద్ధతిలో నిలిచింది 47 శాతం. ఫిన్లాండ్ 2008 నుంచి దీన్ని దేశం మొత్తానికి విధానం కింద పెట్టుకుంది. హెల్సింకిలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థ నడిపే 250 బెడ్ల షెల్టర్ ఒకటుండేది, మేం వెళ్ళినదాని లాంటిదే, దాన్ని 2012 కల్లా దాదాపు 80 చిన్న ఫ్లాట్ల కింద మార్చేశారు. అంటే నాలుగింటి లైనే లేదు, లైన్ ఉండాల్సిన అవసరమే తీసేశారు. 1980ల చివర్లో ఆ దేశంలో ఇల్లు లేనివాళ్ళు 18 వేలకి పైన, 2023 నాటికి మూడున్నర వేలలోపు. 2024లో సాయాలకి కోతలు పడ్డాక మళ్ళీ కొంచెం పెరిగింది, కాబట్టి ఒకసారి చేసేసి చేతులు దులుపుకునే పని కాదని కూడా అక్కడే తేలింది.

ఇదంతా తెలిసి ఉంటే నేను ఆరోజు 87 కోసం ఆయన్ని ఆపేవాణ్ణి కాదు అనట్లేదు. ఆపేవాణ్ణేమో. కానీ షేరింగ్ సర్కిల్‌లో "ఆయనకి ఎంత ఓపికో" అని ఏడ్చే బదులు, ఒక మనిషికి ఒకేరోజు కార్డూ బెడ్డూ రెండూ ఎందుకు దొరకవు, రెండు ఆఫీసుల టైములు కూర్చుని మార్చగలిగేవాళ్ళు ఎవరు అని ఎవరో ఒకరం అడిగి ఉండేవాళ్ళం.

మా ఫ్రెండ్ ఒకమ్మాయికి ఇదంతా చదివి వినిపిస్తే నన్ను తిట్టింది. తను ఆ ట్రిప్ తర్వాతే సోషల్ వర్క్‌లో చేరింది, ఇప్పుడు అదే ఉద్యోగం. "నీ ఒక్కడి గిల్టీ ఫీలింగ్ కోసం రేపు నాలాంటిది ఒకత్తి వెళ్ళకుండా ఆగిపోతే?" అంది. న్యాయమైన మాటే. అయితే తను చెప్పిందాంట్లోనే నాకు జవాబు కూడా దొరికింది, ఆ ట్రిప్ వల్ల బాగుపడింది తను, అంటే చదువే కదా అది. ఇంకోటి కూడా ఒప్పుకోవాలి, ఒక్కరోజు కోసం ఎక్కువమంది చేతులు నిజంగా కావాల్సిన పనులు లేకపోలేదు. ఇల్లు లేనివాళ్ళని లెక్కపెట్టేది ఒక్క రాత్రిలోనే, రెండ్రోజులు పడితే ఒకే మనిషిని రెండుసార్లు లెక్కేసే ప్రమాదం. భారతదేశంలో 2011 జనాభా లెక్కలప్పుడు ఫిబ్రవరి 28 రాత్రి ఫుట్‌పాత్‌లు, ఫ్లైఓవర్ల కింద, రైల్వే ప్లాట్‌ఫాంలు, ఆఖరికి పెద్ద పైపుల్లో కూడా చూసి 17.7 లక్షలమంది అని రాసుకున్నారు. అమెరికాలో ఏటా జనవరిలో ఒక రాత్రి వాలంటీర్లని పోగేసి లెక్కేస్తారు, 2024లో 7,71,480 వచ్చింది. అలాంటి రాత్రికి పద్నాలుగు మంది కుర్రాళ్ళు టార్చీలు పట్టుకుని వెళ్తే ఎవరికీ భారం కాదు. స్టోర్ రూం కూడా అంతే. మూటలు మనుషులు కావు, మనం తప్పు చేస్తే వాటి బెడ్ పోదు.

మనుషుల పక్కన నిలబడే పని మాత్రం వచ్చిపోయేవాళ్ళది కాదని నా గట్టి అభిప్రాయం. ఆ షెల్టర్‌కి ప్రతి మంగళవారం ఒక రిటైర్డ్ గుమస్తా వచ్చేవాడు, జీవితమంతా అలాంటి కౌంటర్ల వెనకే కూర్చున్న మనిషి. తిరిగొచ్చాక మూడువారాలకి నేను మేడంకి ఫోన్ చేసి పెద్దాయన సంగతి అడిగితే, ఆ తర్వాతి మంగళవారమే ఈ గుమస్తా ఆయన వెంట వెళ్ళాడని, కౌంటర్ తెరవకముందే వెళ్ళి నిలబడ్డారని, లెటర్లో ఏమేం ఉండాలో ముందే చూసుకున్నారని, పన్నెండుకల్లా పని అయిపోయిందని చెప్పింది. కార్డు వచ్చిందా అంటే అప్లికేషన్ తీసుకున్నారు, ఇంకా రాలేదు అంది. తర్వాత మళ్ళీ నేను అడగలేదు.

నాకు సిగ్గేసే విషయం ఇంకోటుంది. మా హాస్టల్ నుంచి నడిచి వెళ్ళే దూరంలో ఒక షెల్టర్ ఉంది. రెండేళ్ళు దాని ముందు నుంచే బస్సెక్కా, బోర్డు చదవలేదు. రాత్రంతా రైల్లో వెళ్ళి చూసొచ్చిందేదో అక్కడే ఉంది. ఇప్పుడు వారానికి ఒకసారి, బుధవారం సాయంత్రం, అక్కడికి వెళ్తున్నా. చేసే పని దుప్పట్లు ఉతికే మెషీన్ల దగ్గర, వేయడం తీయడం మడతపెట్టడం, ఎవరూ నా కథ అడగరు, నేనూ ఎవరి కథా అడగను. ఏడాదిన్నరలో బెడ్ల లైను దగ్గర నన్ను నిలబెట్టింది రెండుసార్లు.

జూనియర్‌కి ఓరియంటేషన్‌కి వస్తానని చెప్పా, ఇదే చదువుతానని కూడా చెప్పా. "పది నిమిషాలకి పెద్దదేమో అన్నా" అన్నాడు. మధ్యలో ఫిన్లాండ్ తీసేస్తా, బెడ్ తీయను అన్నా. వాళ్ళు వెళ్ళేది కూడా ఆ షెల్టర్‌కేనట, కాబట్టి సాక్సుల సైజులు మేడంని కనుక్కుని మెసేజ్ పెట్టా.

పోయిన బుధవారం నాకు ఆఫీసులో పని పడి షెల్టర్‌కి వెళ్ళలేకపోయా. మధ్యాహ్నమే ఫోన్ చేసి చెప్తే, అవతల ఎత్తినాయన, "ముందే చెప్పావు కదా, చాలు, ఇంకొకర్ని పెట్టుకుంటాం" అని పెట్టేశాడు.